తీగ మీద నిలిచిన మాట: వాల్డెమార్ పౌల్సెన్ జీవితం

1948 డిసెంబర్ 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం ప్రసారాలు మొదలయ్యాయి. సరిగ్గా 50 ఏళ్ల కిందట, 1898 డిసెంబర్ 1న, డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో 29 ఏళ్ల టెలిఫోన్ ఉద్యోగి ఒకరు ఒక పేటెంటు దరఖాస్తు దాఖలు చేశారు. మనిషి మాటను అయస్కాంత శక్తిగా మార్చి, ఉక్కు తీగలో దాచి, కోరినప్పుడు తిరిగి వినిపించవచ్చన్నది ఆ దరఖాస్తులోని సారాంశం. ఆయన పేరు వాల్డెమార్ పౌల్సెన్.

ఆ రెండు తేదీలు కలవడం కేవలం యాదృచ్ఛికం. అయితే వాటి మధ్య బంధం మాత్రం నిజమైనదే. తర్వాతి దశాబ్దాలలో విజయవాడ, హైదరాబాద్ కేంద్రాల నుంచి తెలుగువారు విన్న నాటకాలు, సంగీత కచేరీలు, ప్రసంగాలు ఎన్నో టేపుల మీద నమోదై ప్రసారమైనవే. ఆ టేపుకు మూలమైన ఆలోచన పౌల్సెన్‌ది. ఈనాడు పెద్ద పెద్ద సమాచార కేంద్రాలలో, పరిశోధన సంస్థలలో కంప్యూటర్ సమాచారాన్ని ఏళ్ల తరబడి భద్రపరుస్తున్న టేపు గుళికలకు కూడా అదే ఆధారం. ఆ ఆలోచన పుట్టించిన మనిషికి మాత్రం జీవితకాలంలో దానివల్ల పేరు వచ్చినంతగా ఫలితం దక్కలేదు.

న్యాయమూర్తి కుమారుడు

పౌల్సెన్ 1869 నవంబర్ 23న కోపెన్‌హేగన్‌లో జన్మించారు. తండ్రి డెన్మార్క్ అత్యున్నత న్యాయస్థానంలో న్యాయమూర్తి. చదువుకు, గౌరవానికి లోటు లేని కుటుంబం. వాల్డెమార్ కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంలో ప్రకృతి శాస్త్రాలు చదివారు. కానీ ఆయన మనసు పాఠ్యగ్రంథాల కంటే పనిముట్ల మీద, ప్రయోగాల మీద ఎక్కువగా నిలిచింది. 1893లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీ సాంకేతిక విభాగంలో సహాయకుడిగా చేరారు.

అప్పటికి టెలిఫోన్ వచ్చి పాతికేళ్లు కూడా కాలేదు. దూరాన ఉన్నవారితో మాట్లాడగలగడమే అబ్బురంగా ఉన్న రోజులవి. అయితే ఆ యంత్రానికి ఒక పెద్ద లోపం ఉండేది. గంట మోగినప్పుడు అవతల మనిషి లేకపోతే కబురు అందే దారి లేదు. మాట్లాడిన మాటకు ఆనవాలూ మిగలదు. ఉత్తరం రాస్తే కాగితం ఉంటుంది, తంతి పంపితే చీటీ ఉంటుంది. టెలిఫోన్‌లో చెప్పిన మాట అక్కడికక్కడే గాలిలో కలిసిపోతుంది. నోటిమాట నీటిమూట అని మన పెద్దలు అన్నది ఆ యంత్రానికి అతికినట్టు సరిపోతుంది. మనిషి లేని వేళ వచ్చిన కబురును టెలిఫోనే పట్టి ఉంచితే ఎలా ఉంటుందన్న ప్రశ్న పౌల్సెన్‌ను వెంటాడింది.

మాటను నమోదు చేసే సాధనం అప్పటికే లేకపోలేదు. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ 1877లోనే వచ్చింది. కానీ అది ధ్వని కదలికలను సూదితో గాడిగా గీసే యంత్రం. గాడి అరిగిపోతుంది, వినే కొద్దీ గరగర పెరుగుతుంది. అమెరికాకు చెందిన ఓబర్లిన్ స్మిత్ అనే ఇంజనీరు, గాడికి బదులు అయస్కాంతాన్ని వాడవచ్చని ఊహించి 1888లో ఒక పత్రికలో వివరించారు. ఆ ఊహను ఆయన పనిచేసే యంత్రంగా మలచలేదు. ఆ పని చేసి చూపించినవారు పౌల్సెన్.

వెనక్కి నడిచే విద్యుత్తు

ఆయన తొలి ప్రయోగం ఇంట్లో కుర్రవాళ్లు చేసే ఆటలా కనిపిస్తుంది. ఒక ఉక్కు పియానో తీగను బిగించి కట్టారు. దాని వెంట జరిగేలా ఒక చిన్న విద్యుదయస్కాంతాన్ని అమర్చారు. ఆ అయస్కాంతాన్ని టెలిఫోన్ మాటగొట్టానికి కలిపి, మాట్లాడుతూ దానిని తీగ పొడవునా జరిపారు. తర్వాత మాటగొట్టం తీసేసి, చెవికి పెట్టుకునే గొట్టం కలిపి, మళ్లీ మొదటి నుంచి జరిపారు. చెప్పిన మాట సన్నగా వినిపించింది.

దీని వెనుక ఉన్న సూత్రం ఇది. మాట్లాడినప్పుడు ధ్వనిలోని హెచ్చుతగ్గులకు తగినట్టు విద్యుత్తు కూడా హెచ్చుతగ్గులవుతుంది. ఆ విద్యుత్తు చుట్టలోంచి పారినప్పుడు అయస్కాంత బలం కూడా అలాగే మారుతుంది. దాని కిందుగా కదులుతున్న తీగలోని ఒక్కొక్క చోటు, ఆ క్షణంలో ఎంత బలం ఉంటే అంతగా అయస్కాంతీకరణ చెందుతుంది. ఉక్కుకు ఆ గుణాన్ని నిలుపుకునే స్వభావం ఉంది. అదే తీగ మళ్లీ చుట్ట కిందుగా కదిలితే, ఈసారి తీగలోని అయస్కాంతత్వం చుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ విద్యుత్తు చెవి గొట్టంలో ధ్వనిగా మారుతుంది.

ఇందులో గాడి లేదు, గీత లేదు. ఎన్నిసార్లు విన్నా ఫోనోగ్రాఫ్ గాడిలా అరిగిపోదు. అక్కరలేదనుకుంటే స్థిరమైన విద్యుత్తుతో చెరిపివేసి అదే తీగ మీద కొత్త మాట నమోదు చేయవచ్చు. దాచి ఉంచినంత కాలం ఎలాంటి విద్యుత్తూ అవసరం లేదు. ఈ లక్షణాలన్నీ నేటి టేపులో యథాతథంగా ఉన్నాయి.

పౌల్సెన్ తన యంత్రానికి టెలిగ్రాఫోన్ అని పేరు పెట్టారు. తొలి నమూనాలో ఇత్తడి పీపా చుట్టూ ఉక్కు తీగను చుట్టారు. తర్వాత ఉక్కు పట్టీతో, ఉక్కు పళ్లెంతో కూడా ప్రయత్నించారు. అమెరికా ఆయనకు 1900 నవంబర్ 13న పేటెంటు ఇచ్చింది. ఆ పత్రంలో మరొక సూచన ఉంది. తీగకు బదులు కాగితం వంటి పట్టీ మీద అయస్కాంత లోహపు ధూళి పూసి కూడా వాడవచ్చన్నది దాని భావం. టేపు అనేది ఈ లోకంలోకి రావడానికి దాదాపు 30 ఏళ్ల ముందే, దాని స్వరూపం ఆ పత్రంలో ఒక వాక్యంగా ఉంది. పౌల్సెన్ దాన్ని చేసి చూడలేదు.

పారిస్ ప్రశంస, ఆపై పరాభవం

1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో టెలిగ్రాఫోన్‌కు అత్యున్నత బహుమతి లభించింది. యూరప్ అంతటా పత్రికలు దాని గురించి రాశాయి. ఆ తొలినాళ్లలోనే ఆస్ట్రియా-హంగరీ చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఆ యంత్రం ముందు మాట్లాడారు. ఆ కొద్ది మాటలు నేటికీ మిగిలి ఉన్నాయి. ఇప్పటికి లభిస్తున్న అయస్కాంత ధ్వనిముద్రణలలో అదే అతి ప్రాచీనమైనదిగా భావిస్తారు. ఆ చక్రవర్తి 1916లో కన్నుమూశారు, రెండేళ్లకు ఆయన సామ్రాజ్యమూ చెల్లాచెదురైంది. సన్నని తీగలో ఉన్న గొంతు మాత్రం నిలిచింది.

ప్రశంస వచ్చినంత వేగంగా వ్యాపారం రాలేదు. 1903లో అమెరికాలో టెలిగ్రాఫోన్ తయారీకి ఒక కంపెనీ ఏర్పడింది. కార్యాలయాలలో ఉత్తరాలు చెప్పి రాయించుకోవడానికి, టెలిఫోన్ సంభాషణలు నమోదు చేయడానికి ఈ యంత్రం అక్కరకొస్తుందని వాటాదారులు ఆశపడ్డారు. యంత్రాలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవి తరచూ మొరాయించాయి. తీగ మెలిపడేది, చిక్కుపడేది, తెగేది. కాస్తసేపు మాట్లాడాలన్నా ఎంతో పొడవు తీగ కావాలి. మైనపు గొట్టాలతో పనిచేసే పోటీ యంత్రాలు చవకగా, సులువుగా దొరికేవి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే కాలానికి ఆ కంపెనీ దివాలా బాట పట్టింది.

అన్నిటికంటే పెద్ద లోపం ధ్వని బలహీనత. తీగలోని అయస్కాంతత్వం పుట్టించే విద్యుత్తు చాలా స్వల్పం. గొట్టం చెవికి ఆనించుకుని వినాలే తప్ప, గదిలో నలుగురికీ వినిపించే అవకాశం లేదు. ఆ విద్యుత్తును పెంచే సాధనం అప్పటికి ఈ లోకంలో లేదు. పౌల్సెన్, ఆయన సహచరుడు పెడర్ ఒలుఫ్ పెడర్సన్ కలిసి, నమోదు చేసేటప్పుడు కొంత స్థిరమైన విద్యుత్తును కూడా కలిపి పంపితే మాట మరింత స్పష్టంగా వస్తుందని కనుగొన్నారు. ఈ పద్ధతి తర్వాతి యంత్రాలకు ఎంతో ఉపకరించింది. అయినా ధ్వని బలం సమస్య తీరలేదు.

రేడియోకు ఇచ్చిన నిరంతర తరంగం

పౌల్సెన్ తన దృష్టిని మరొక వైపు మళ్లించారు. అప్పటి వైర్‌లెస్ యంత్రాలు విద్యుత్ స్ఫులింగాలతో పనిచేసేవి. నిప్పురవ్వ చటుక్కున మెరిసి ఆరిపోయినట్టు, వాటి తరంగం పుట్టిన వెంటనే క్షీణించేది. చుక్కలు, గీతల సంకేతాలకు అది చాలు. మనిషి గొంతును మోయాలంటే తెగకుండా సాగే తరంగం కావాలి.

ఇంగ్లండ్‌కు చెందిన విలియం డడెల్ 1900 ప్రాంతంలో ఆర్క్ దీపంతో నిరంతర కంపనాలు పుట్టించి, దీపం చేత స్వరాలు పలికించారు. ఆ కంపనాలు చెవికి వినిపించే స్థాయికి కాస్త పైదాకా మాత్రమే వెళ్లాయి, రేడియోకు అవి చాలవు. పౌల్సెన్ ఆ ఆర్క్‌ను హైడ్రోజన్ ఉన్న వాయువులో వెలిగించి, ఒక ధ్రువాన్ని నీటితో చల్లబరిచే రాగితో చేసి, చుట్టూ బలమైన అయస్కాంత క్షేత్రం ఏర్పరిచారు. రేడియోకు సరిపడే నిరంతర తరంగం వచ్చింది. 1902లో ఆయన దానికి పేటెంటు కోరారు. కొద్ది ఏళ్లలోనే కోపెన్‌హేగన్ సమీపంలోని లింగ్‌బీ కేంద్రం నుంచి మనిషి మాటను ఆకాశమార్గాన పంపగలిగారు.

ఈ ఆవిష్కరణ ఆయనకు నిజమైన విజయం తెచ్చింది. 1907లో డెన్మార్క్ శాస్త్ర పరిషత్తు బంగారు పతకంతో సత్కరించింది. 1909లో జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అదే ఏడాది, స్టాన్‌ఫర్డ్‌లో చదివిన సిరిల్ ఎల్వెల్ అనే యువ ఇంజనీరు కోపెన్‌హేగన్ వచ్చి ఆర్క్ హక్కులు సంపాదించి, కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో కంపెనీ పెట్టారు. అదే తర్వాత ఫెడరల్ టెలిగ్రాఫ్ కంపెనీ అయింది. అమెరికా నౌకాదళం ఆర్క్ యంత్రాలను విరివిగా వాడింది. 1923లో జావా దీవి నుంచి నెదర్లాండ్స్‌తో సంబంధం కలిపిన మలబార్ కేంద్రంలోనూ భారీ ఆర్క్ యంత్రమే ఉండేది. ఆ తర్వాత వాల్వులు వచ్చి దాని స్థానాన్ని ఆక్రమించాయి.

ఇక్కడ చరిత్రలో ఒక విచిత్రం జరిగింది. లీ డి ఫారెస్ట్ తాను రూపొందించిన వాల్వును బలహీనమైన విద్యుత్తును పెంచే సాధనంగా 1912లో అభివృద్ధి చేసింది ఆ ఫెడరల్ కంపెనీలో పనిచేస్తున్నప్పుడే. టెలిగ్రాఫోన్‌కు లేక కుంటుపడిన సాధనం సరిగ్గా అదే. పౌల్సెన్ ఆర్క్ పునాది మీద నిలిచిన సంస్థలోనే, ఆయన తొలి ఆవిష్కరణకు కావలసిన తోడు దొరికింది. అయితే అప్పటికి టెలిగ్రాఫోన్ వ్యాపారం చతికిలపడి ఉంది.

కాగితం మీద ఇనుప ధూళి

ఆ ఆలోచనను తిరిగి అందిపుచ్చుకున్నవారు ఆస్ట్రియాలో పుట్టి డ్రెస్డెన్‌లో స్థిరపడిన ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్. సిగరెట్టు కాగితానికి బంగారు రంగు అంచు అద్దే పద్ధతిలో ఆయన నిపుణుడు. లోహపు పొడిని కాగితానికి అంటించే ఆ నైపుణ్యంతోనే 1928లో కాగితపు పట్టీ మీద ఇనుప పొడి పూసి, ధ్వనిముద్రణకు పేటెంటు పొందారు. బరువైన ఉక్కు తీగ పోయి, చేతితో చించి మళ్లీ అతికించగల పట్టీ వచ్చింది. జర్మనీ సంస్థ ఏఈజీ ఆ హక్కులు తీసుకుంది. 1935 ఆగస్టులో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో మాగ్నెటోఫోన్ అనే యంత్రాన్ని అందరి ముందుంచింది. 1940లో వాల్టర్ వెబర్, నమోదు చేసేటప్పుడు స్థిరమైన విద్యుత్తుకు బదులు చెవికి అందనంత ఎక్కువ పౌనఃపున్యం గల విద్యుత్తును కలిపితే ధ్వని అపూర్వమైన స్వచ్ఛతతో వస్తుందని గమనించారు.

పౌల్సెన్ 1942 జులైలో, 72వ ఏట, కోపెన్‌హేగన్‌లో మరణించారు. అప్పటికి డెన్మార్క్ రెండేళ్లుగా జర్మనీ ఆక్రమణలో ఉంది. ఆ సమయంలో జర్మన్ రేడియో కేంద్రాలు టేపు మీద నమోదు చేసిన కచేరీలు, ప్రసంగాలు ప్రసారం చేస్తూ ఉన్నాయి. తన యవ్వనంలో పుట్టిన ఆలోచన పరిణతి చెందిన కాలంలో, ఆయన స్వదేశం స్వేచ్ఛ కోల్పోయి ఉంది. యుద్ధం ముగిశాక అమెరికా సైన్యంలో పనిచేసిన జాక్ మలిన్ రెండు మాగ్నెటోఫోన్లను విడిభాగాలుగా స్వదేశానికి పంపుకున్నారు. గాయకుడు బింగ్ క్రాస్బీ 1947 నుంచి తన రేడియో కార్యక్రమాన్ని టేపు మీద సిద్ధం చేసుకోవడంతో ప్రసార ప్రపంచం మారిపోయింది.

మన రేడియో కేంద్రాలలో పనిచేసినవారికి స్పూలు టేపు గురించి చెప్పనక్కరలేదు. ప్రసంగంలో తడబడిన చోటును బ్లేడుతో ఏటవాలుగా కోసి, అంటుపట్టీతో అతికించి, వేలితో అదిమి చూసుకున్న తరం ఒకటి ఉంది. అతుకు వినపడకుండా చేయగలిగినవారికి స్టూడియోలో ప్రత్యేక గౌరవం ఉండేది.

మాట నుంచి అంకెకు

1951లో అమెరికాలో యూనివాక్ కంప్యూటర్ వచ్చింది. దాని సమాచారాన్ని నిక్కెల్ పూత గల కంచు లోహపు టేపు మీద నమోదు చేశారు. మరుసటి ఏడాది ఐబీఎం సంస్థ ప్లాస్టిక్ టేపుతో పనిచేసే 726 అనే యంత్రాన్ని ప్రకటించింది. అంగుళం పొడవులో 100 అక్షరాలు దానిలో ఇమిడేవి. టేపును హఠాత్తుగా నడిపి హఠాత్తుగా ఆపినప్పుడు తెగిపోకుండా, గాలి పీల్చివేసిన గొట్టంలో దానిని వదులుగా వేలాడదీసే ఉపాయం ఆ యంత్రానికి ప్రాణం. మాట స్థానంలో అంకె వచ్చింది. అటూ ఇటూ మారే అయస్కాంత దిశలే ఒకటిగా, సున్నాగా లెక్కకు వచ్చాయి. పౌల్సెన్ తీగలో జరిగిన క్రియే ఇక్కడా జరిగింది.

తెలుగు నేలకూ ఇందులో భాగముంది. షాద్‌నగర్ భూకేంద్రం అందుకున్న ఉపగ్రహ చిత్రాల సమాచారం చాలాకాలం టేపుల మీదే నమోదై, హైదరాబాద్ నుంచి దేశంలోని శాస్త్రవేత్తలకు టేపు చుట్టలుగానే చేరేది.

తర్వాత హార్డ్ డిస్కులు చవకయ్యాయి, టేపు కాలం చెల్లిందని చాలామంది తేల్చేశారు. ఆ జోస్యం ఫలించలేదు. 2000 సంవత్సరంలో వచ్చిన ఎల్‌టీవో తరగతి తొలి గుళికలో 100 గిగాబైట్ల సమాచారం పట్టేది. 2021లో వచ్చిన తొమ్మిదో తరంలో 18 టెరాబైట్లు పడుతుంది, అంటే 180 రెట్లు. అరచేతిలో ఇమిడే ఆ గుళికలో కిలోమీటరుకు పైగా పొడవైన టేపు ఉంటుంది. దాని మందం వెంట్రుక మందంలో పదో వంతుకు అటూ ఇటూ. వెడల్పు మాత్రం 1950ల నాటి అర అంగుళమే. అంత సన్నని పట్టీ మీద దాదాపు 9 వేల గీతలుగా సమాచారం నమోదవుతుంది.

టేపు నిలవడానికి కారణాలు సామాన్యమైనవే. అరలో పెట్టిన గుళికకు విద్యుత్తు అక్కరలేదు, వేడెక్కదు, తిరగదు. పెద్ద మొత్తంలో సమాచారం దాచేటప్పుడు ఖర్చు తక్కువ. చల్లని, పొడి గదిలో దశాబ్దాల పాటు ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, యంత్రం నుంచి తీసి పక్కన పెట్టిన టేపుకు ఏ తంతీ తగిలి ఉండదు. నెట్‌వర్క్‌లోకి చొరబడిన దొంగ చేయి దాని దాకా చేరదు. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొంతమంది జీమెయిల్ వినియోగదారుల ఉత్తరాలు మాయమైనప్పుడు, గూగుల్ వాటిని టేపుల నుంచే తిరిగి తెచ్చింది. జెనీవా వద్ద ఉన్న సెర్న్ పరిశోధన కేంద్రం అణుకణాల ప్రయోగాల సమాచారాన్ని దీర్ఘకాలం దాచేది టేపుల మీదే.

లోపాలూ ఉన్నాయి. కావలసిన చోటుకు వెళ్లాలంటే టేపు చుట్టుకుంటూ పోవాలి, అందుకు సమయం పడుతుంది. ప్రతిరోజూ తెరిచి చూసే సమాచారానికి అది పనికిరాదు. మరొకటి ఇంకా గంభీరమైనది. టేపు బాగున్నా దానిని చదివే యంత్రం దొరకకపోతే లోపలి సమాచారం ఉన్నా లేనట్టే. అందుకే సమాచార కేంద్రాలు కొన్నేళ్లకొకసారి పాత టేపుల నుంచి కొత్త టేపులకు ప్రతి తీసుకుంటూ ఉంటాయి.

తరాల బాధ్యత

ఈ విషయం రేడియో భాండాగారాలకు మరింత వర్తిస్తుంది. మన ఉక్కపోతలో, తేమలో పాత స్పూళ్లకు బూజు పడుతుంది. పూత జిగురెక్కి యంత్రానికి అంటుకుపోతుంది. దాచిన గొంతులను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఆకాశవాణి ఏళ్లుగా చేస్తోంది. ఒక విద్వాంసుడి కచేరీనో, స్వాతంత్ర్య సమరయోధుడి జ్ఞాపకాలనో పదిలపరచాలంటే టేపు, యంత్రం, దానిని నడపడం తెలిసిన మనిషి ఒకే కాలంలో కలిసి ఉండాలి. వాటిలో ఏ ఒక్కటి ముందుగా కనుమరుగైనా ఆ గొంతు మళ్లీ వినపడదు.

పౌల్సెన్ శతజయంతి సందర్భంగా 1969లో డెన్మార్క్ ఆయన బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేసింది. ఆయన పేరిట డెన్మార్క్ సాంకేతిక శాస్త్రాల అకాడమీ బంగారు పతకాన్ని నెలకొల్పింది. ఆయన ఆర్క్ యంత్రాలు నేడు మ్యూజియంలలో ఉన్నాయి. సంపద తెచ్చిన ఆవిష్కరణ పాతబడిపోయింది. కంపెనీని దివాలా తీయించిన ఆవిష్కరణ నేటికీ కొత్త తరాలుగా వెలువడుతూనే ఉంది. ఫ్రాంజ్ జోసెఫ్ గొంతు 120 ఏళ్లు దాటి మనదాకా వచ్చిందంటే, తీగ గట్టిదనం ఒక్కటే కారణం కాదు. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు దానిని జాగ్రత్తగా అందుకుని, తమ కాలపు యంత్రం మీదకు ఎక్కించి, తర్వాతివారికి అప్పగించారు. మన భాండాగారాలలో వరుసగా నిలిచి ఉన్న స్పూళ్లు ఎదురుచూస్తున్నది కూడా అటువంటి చేతుల కోసమే.